పాత వాచీ చైను: అసలుతనాన్ని తేల్చే పద్ధతుల సమీక్ష

చేతి గడియారాన్ని మణికట్టుకు పట్టి ఉంచే లోహపు పట్టీని తెలుగునాట చైను అంటారు. అదే తోలుతోనో రెక్సిన్‌తోనో చేసినదైతే బెల్టు అంటారు. గడియారం పాతదైనప్పుడు దాని డయలు అసలుదా, తిరిగి రంగు వేసిందా అని పరిశీలించడం, వెనకమూత తెరిచి లోపలి యంత్రం ఆ కంపెనీదేనా అని చూడడం కొనేవారికి అలవాటే గాని, చైను విషయంలో అంతటి శ్రద్ధ అరుదు. నిజానికి గడియారం మొత్తంలో అతి సులువుగా మారిపోయే భాగం చైనే, ఎందుకంటే రెండు వైపులా ఉన్న స్ప్రింగు పిన్నులు నొక్కితే అది ఊడి వస్తుంది, మరొకటి అవే పిన్నులతో నిమిషంలో అమరుతుంది. అందువల్ల మోసమూ, నిజాయితీగా చేసిన మరమ్మతూ, అవసరం కొద్దీ జరిగిన మార్పిడీ ఈ ఒక్క భాగంలో కలగాపులగంగా కనిపిస్తాయి. గుంటూరు, ప్రకాశం మైదానాల్లోని ఇళ్లలో తాతల కాలం నాటి పెళ్లి వాచీలు బీరువాల నుంచి బయటికి వస్తూ, పాత వస్తువులు సేకరించేవారి చేతుల్లోకి వెళుతున్న ఈ రోజుల్లో, ఈ చైన్ల అసలుతనాన్ని తేల్చే పద్ధతులన్నింటినీ ఒకచోట చేర్చి, ఏది ఎంతవరకు నమ్మదగినదో తూచి చూడవలసిన అవసరం ఏర్పడింది.

ముందుగా విడదీయవలసినది ప్రశ్ననే. ఒక చైను అసలుదా అని అడిగినప్పుడు అందులో మూడు ప్రశ్నలు ముడిపడి ఉంటాయి. దాని మీద పేరున్న సంస్థే దాన్ని తయారుచేసిందా అన్నది మొదటిది. ఆ గడియారం తయారైన కాలానికీ, ఆ నమూనాకూ అది తగినదేనా అన్నది రెండవది. ఈ గడియారంతోనే, ఈ ఇంటికి, ఆనాడు వచ్చినది ఇదేనా అన్నది మూడవది. మొదటి ప్రశ్నకు అవునని, మూడవ ప్రశ్నకు కాదని జవాబు వచ్చే చైన్లు ఎన్నో ఉంటాయి. ఉదాహరణకు 1968 నాటి వాచీకి 1980ల్లో అదే కంపెనీ చైను వేయించి ఉండవచ్చు. అది నకిలీ కాదు, కాని ఆ వాచీతో పుట్టిందీ కాదు. ఈ తేడాను గమనించకుండా సాగే వాదాలు ఎంతకాలమైనా తెగవు. అమ్మేవారు మొదటి ప్రశ్నకు జవాబు చెప్పి మూడవ ప్రశ్నకు ధర అడగడమే ఈ వ్యాపారంలో ఎక్కువగా జరిగే అన్యాయం.

ఈ మైదానంలో దొరికే పాత వాచీలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలిస్తే పరిశీలన సగం సులువవుతుంది. 1961లో జపాన్ దేశపు సిటిజెన్ సంస్థ సహకారంతో బెంగళూరులో హెచ్ఎంటీ వాచీల తయారీ మొదలైంది. జనతా, పైలట్ వంటి చేతితో కీ ఇచ్చే నమూనాలు పల్లెల దాకా చేరి, అల్లుడికి పెట్టే లాంఛనాల్లో వాచీ ఒక భాగమైంది. 1980ల్లో సీకో సాంకేతిక సహకారంతో హైదరాబాద్ ఆల్విన్ సంస్థ వాచీలు తయారుచేయగా, ఆ దశాబ్దం చివరికి హోసూరు నుంచి టైటాన్ వచ్చింది. హెచ్ఎంటీ వాచీల సంస్థను మూసివేయాలని 2016లో కేంద్ర ప్రభుత్వం నిర్ణయించడంతో ఆ పేరున్న పాత వాచీల మీద మోజు పెరిగింది, మోజుతో పాటే అతుకుల వాచీలూ పెరిగాయి. వీటికి తోడు గల్ఫ్ నుంచి వచ్చిన సీకో, సిటిజెన్ వాచీలు, అమెరికా వెళ్లిన వైద్యులు, ఇంజనీర్లు తెచ్చిన స్విస్ వాచీలు ఇంటింటా కాకపోయినా ఊరికి కొన్నైనా ఉన్నాయి.

విదేశీ వాచీలకు సాధారణంగా బిల్లులు, పెట్టెలు దొరకవు. దీన్ని నకిలీతనానికి గుర్తుగా భావించడం ఈ ప్రాంతం విషయంలో పొరపాటు. 1962 నాటి కస్టమ్స్ చట్టం 123వ సెక్షను బంగారంతో పాటు వాచీలను కూడా పేరు పెట్టి చేర్చింది. దొంగరవాణా సరుకన్న సహేతుకమైన నమ్మకంతో అధికారులు వాచీని స్వాధీనం చేసుకుంటే, అది అలాంటిది కాదని నిరూపించే భారం దాన్ని దగ్గర పెట్టుకున్నవారి మీదే పడుతుంది. అటువంటి రోజుల్లో ఎన్నో వాచీలు కాగితం లేకుండానే చేతులు మారాయి. ఐరోపాలో పెట్టె, కాగితాలు లేని వాచీని కొనేవారు అనుమానిస్తే అనుమానించవచ్చు. ఇక్కడ మాత్రం ఏ ముడతా లేని కొత్త కాగితంతో వచ్చిన 1970ల నాటి వాచీనే ఎక్కువగా అనుమానించాలి.

ఇక చైను నిర్మాణానికి వస్తే, పాత చైన్లలో నాలుగు రకాలు ప్రధానమైనవి. పలుచని రేకును మడిచి లింకులుగా మలిచినవి ఒక రకం. లింకుల అంచున మేకుల తలలు పైకి కనిపించేలా బిగించినవి రెండవ రకం. లోపల బోలు లేకుండా ఘనమైన లోహపు ముక్కలతో చేసినవి మూడవ రకం. లింకుల లోపల చిన్న స్ప్రింగులు ఉండి చేతిలోకి సాగదీసి తొడుక్కొనేవి నాలుగవ రకం. 1950, 60 దశకాల స్టీలు చైన్లలో మొదటి రెండు రకాలే ఎక్కువ. అవి తేలికగా ఉంటాయి, ఊపితే గలగలమంటాయి, వేళ్లతో కొంచెం మెలితిప్పితే మెలి తిరుగుతాయి. బరువుగా ఉంటేనే మంచి సరుకన్న నమ్మకం బంగారం కొనే అలవాటు నుంచి వచ్చింది. ఆ నమ్మకంతో పాత చైనును చేతిలో పెట్టుకున్నవారు తేలికగా ఉన్న అసలును పక్కన పెట్టి, ఘనమైన లింకులతో ఈ మధ్య తయారైన నకలును ఎంచుకునే ప్రమాదం ఉంది. ఆ కాలపు రేకు చైనును పోలిన చైను రెట్టింపు బరువు తూగితే, అదే మొదటి అనుమానం కావాలి.

అయస్కాంతంతో పరీక్షించడం మరమ్మతు దుకాణాల్లో తరచు చూసే పద్ధతి. వాచీలకు వాడే మంచి స్టెయిన్‌లెస్ స్టీలు అయస్కాంతానికి అంటుకోదన్నది స్థూలంగా నిజమే. అయితే ఆ స్టీలును రేకుగా సాగదీసి, మడిచి, అచ్చు కొట్టినప్పుడు దానికి స్వల్పంగా అయస్కాంత గుణం వస్తుంది. సాగే చైనులోని స్ప్రింగులు కూడా అయస్కాంతానికి లాగుతాయి. కనుక ఈ పరీక్షతో మామూలు ఇనుపరేకును పట్టుకోవచ్చు గాని, కొద్దిపాటి ఆకర్షణ కనిపించిందని చైనును నకిలీ అనలేము. దీనికంటే కంటికి కనిపించే చిలుమే మంచి సాక్షి. రాగి గాని, ఇత్తడి గాని ఉన్నచోటే పచ్చని చిలుము పడుతుంది. పూర్తి స్టీలు అని అమ్మే చైను లింకుల మూలల్లో పూత లేచి, అడుగున పసుపు రంగు లోహం, దాని చుట్టూ చిలుము కనిపిస్తే అది ఇత్తడి మీద నికెల్, క్రోమియం పూత వేసినదే.

ముద్రల విషయం మరింత ఓపికతో చూడవలసినది, ఎందుకంటే కొనేవారు అన్నిటికంటే ఎక్కువగా నమ్మేదీ, తయారుచేసేవారు అన్నిటికంటే సులువుగా అనుకరించేదీ ముద్రే. ఖరీదైన స్విస్ చైన్లకు సంఖ్యల పద్ధతి ఉంది. 1960ల ఒమెగా స్పీడ్‌మాస్టర్ చైను మీద 1039 అనీ, కేసుకు ఆనుకునే చివరి లింకు మీద 516 అనీ ఉంటాయి. రోలెక్స్ మేకుల చైను మీద 7206 అన్న సంఖ్య కనిపిస్తుంది. లాకు, అంటే చైనును మూసే మడత పలక, లోపలి వైపున పాత రోలెక్స్ చైన్లకు సంవత్సరపు చివరి రెండు అంకెలు ఉండేవి. 1976 నుంచి వాటి స్థానంలో అక్షరాలు వచ్చాయి. అక్షరంతో పాటు ఎస్ ఉంటే అది సర్వీసు సమయంలో మార్చిన భాగమని సేకర్తలు గ్రహిస్తారు. లాకు మీది సంవత్సరం వాచీ సంవత్సరంతో ఒకటి రెండేళ్లు అటూ ఇటూ అయినంత మాత్రాన తప్పు పట్టకూడదు, విడిభాగాలు గోదాముల్లో నిలవ ఉండి తర్వాత అమరిన సందర్భాలు సహజం. పదిహేనేళ్ల తేడా ఉంటే మాత్రం అది తర్వాత వేసిన చైనే. స్విట్జర్లాండు పేరు లేనంత మాత్రాన కూడా తీర్పు చెప్పరాదు: దిగుమతి సుంకాల కారణంగా రోలెక్స్ సంస్థకు అమెరికా, మెక్సికో దేశాల్లో స్థానికంగా చైన్లు తయారయ్యాయి, అవీ అసలువే. పేరుగాంచిన కంపెనీల చైన్లను నిజంగా చేసిపెట్టినవారు వేరే ఉన్నారన్నది కూడా గుర్తుంచుకోవాలి. జెనీవాలోని గే ఫ్రేర్ సంస్థ ఎన్నో కంపెనీలకు చైన్లు చేసి, 1998లో రోలెక్స్‌లో కలిసింది.

సంఖ్య సరైనదా అన్నదానికంటే ఆ సంఖ్య ఎలా పడిందన్నదే ఎక్కువ చెబుతుంది. పాత ముద్రలు ఉక్కు అచ్చుతో కొట్టినవి. అచ్చు దిగినచోట లోహం పక్కకు జరుగుతుంది కాబట్టి అక్షరం అంచు కొద్దిగా ఉబ్బి ఉంటుంది, గాడి అడుగు నునుపుగా ఉంటుంది, పలుచని పలక అయితే వెనకవైపు లీలగా ఆ ఒత్తిడి గుర్తు తగులుతుంది. లేజరుతో రాసిన అక్షరం అలా ఉండదు. భూతద్దంలో చూస్తే సన్నని గీతలు పక్కపక్కన గీసినట్టు, అడుగు గరుకుగా, అంచు కాలినట్టు కనిపిస్తుంది. 1960ల చైను మీద లేజరు అక్షరం ఉంటే ఇక వేరే పరీక్ష అక్కరలేదు. ఈ మైదానపు రైతుకు ఈ సంగతి విడమరిచి చెప్పనవసరం లేదు: అందమైన సంచి మీద కంపెనీ పేరు, లాటు నంబరు అన్నీ సరిగ్గా ఉండి, లోపల మొలకెత్తని పత్తి విత్తనమో, కాపు కాయని మిరప విత్తనమో ఉండి నష్టపోయినవారు ఇక్కడ ఎందరో ఉన్నారు. మిర్చి యార్డులో కొనుగోలుదారు టిక్కీ, అంటే మిర్చి మూట, మీద రాసినదాన్ని చూసి ధర కట్టడు; మూట లోపల చెయ్యి పెట్టి కాయ తీసి, రంగు, తొడిమ, తేమ చూసి, తాలు ఎంతుందో అంచనా కట్టి ధర చెబుతాడు. పత్తి కొనేవాడు దూదిని రెండు వేళ్ల మధ్య లాగి పింజ పొడవు చూస్తాడు. చైను విషయంలో కావలసింది అదే చెయ్యి, అదే చూపు.

కేసుకూ చైనుకూ పొత్తు కుదిరిందా అన్నది తర్వాతి పరీక్ష. వాచీ కేసు నుంచి బయటికి వచ్చిన రెండు కాళ్ల మధ్య వెడల్పు 18 మిల్లీమీటర్లయితే చివరి లింకు కూడా అంతే ఉండాలి. కేసు గుండ్రానికి సరిపడే వంపు ఆ లింకుకు ఉండాలి. అసలు చైను అమరినప్పుడు ఆ రెండింటి నడుమ సన్నని సమమైన సందు కనిపిస్తుంది. అన్ని వాచీలకూ పనికివచ్చేలా చేసిన చైను అయితే ఒక పక్క వెలుతురు కనిపిస్తుంది, మరో పక్క లోహం లోహాన్ని ఒరుసుకుంటుంది. కాళ్ల లోపలి వైపు చూస్తే మరొక సాక్ష్యం దొరుకుతుంది: ఏళ్ల తరబడి ఒకే చైను ఉంటే దాని చివరి లింకు ఒరిసిన గుర్తు అదే ఆకారంలో కేసు మీద పడి ఉంటుంది. ఆ గుర్తు ఒక ఆకారంలో, ఇప్పుడున్న లింకు మరొక ఆకారంలో ఉంటే చైను మారిందన్నమాటే.

అరుగుదల ఈ సాక్ష్యాలన్నిటిలోకీ అనుకరించడానికి కష్టమైనది. చైనును పక్కకు తిప్పి, లింకుల అంచు నేలను చూసేలా అడ్డంగా పట్టుకుంటే, పాతది విల్లులా కిందికి వంగుతుంది. ఏళ్ల తరబడి మేకులు, రంధ్రాలు ఒరుసుకుని రంధ్రం గుండ్రం పోయి కోలగా మారడమే దీనికి కారణం. కేసు అంచులు మొద్దుబారి, అద్దం గీతలు పడి, చైను మాత్రం కోసిన అంచులతో బిగువుగా ఉంటే రెండూ ఒకే చేతి మీద ముసలివి కాలేదని అర్థం. నకలు చేసేవారు పాతదనం కోసం గీతలు పెడతారు, ఆమ్లంలో ముంచుతారు. కాని గీతలు అన్ని లింకుల మీదా ఒకే దిశలో, ఒకే లోతులో పడతాయి. మనిషి చేతి మీద అరిగినదానికి తీరు వేరు: బల్లకు ఆనే లాకు దగ్గర ఎక్కువగా, చేతి పైవైపు తక్కువగా గీతలు ఉంటాయి. రెంటచింతల ఎండలకూ, చీరాల, బాపట్ల తీరపు ఉప్పుగాలికీ ఏళ్ల తరబడి చెమటతో తడిసిన చైను లోపలి వైపు సూదిమొన గుంటలు పడడం మామూలే. జిన్నింగు మిల్లులో పనిచేసిన చేతి వాచీ అయితే, లింకుల సందున చెమటతో గట్టిపడిన మురికిలో దూది నలుసులు కూడా దొరకవచ్చు. ఆ మురికిని పరీక్షకు ముందే కడిగివేయడం సాక్ష్యాన్ని చేతులారా పారేసుకోవడమే.

బంగారు చైన్ల దగ్గర ప్రశ్న రూపం మారుతుంది. ఆడవారి చిన్న వాచీకి కంపెనీ చైను తీసివేసి, కంసాలి చేత బంగారు చైను చేయించడం ఈ జిల్లాల్లో సంపన్న కుటుంబాల అలవాటు. అటువంటిదానికి కంపెనీ ముద్ర ఉండదు, ఉండాలని కోరడమూ తగదు. అక్కడ అసలుతనమంటే వన్నె, అంటే బంగారపు స్వచ్ఛత. ఈ తీరంలో వన్నె గురించిన జాగ్రత్త పాతది. బందరు పక్కన ఉన్న చిలకలపూడి రోల్డ్ గోల్డ్ నగలకు ఎంతగా పేరుపొందిందంటే, చిలకలపూడి బంగారమన్న మాట పైపై మెరుగుకు మారుపేరై తెలుగువారి నోళ్లలో నిలిచింది. ఆ పనితనం మోసం కాదు, చెప్పి అమ్మితే గౌరవించదగిన కళ. చెప్పకుండా అమ్మినప్పుడే అది మోసమవుతుంది. వాచీ లోకంలో దీనికి సమానమైనవి ఉన్నాయి: అమెరికా చైన్ల మీద 1/20 12 కారట్ గోల్డ్ ఫిల్డ్ అని ఉంటే, మొత్తం బరువులో ఇరవయ్యో వంతు మాత్రమే 12 కారట్ల బంగారపు పొర అని అర్థం, 20 మైక్రాన్లు అని ఉంటే అది పూత మందం మాత్రమే, మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. స్విస్ ఘన బంగారానికి 1880 నాటి చట్టం తర్వాత హెల్వీషియా అనే స్త్రీ తల ముద్ర 18 కారట్లకు, ఉడుత ముద్ర 14 కారట్లకు వాడారు. 1995 నుంచి వాటి స్థానంలో సెయింట్ బెర్నార్డ్ కుక్క తల వచ్చింది.

మన దేశపు హాల్‌మార్కు ఇక్కడ అంతగా ఆదుకోదు. 2021 జూన్‌లో నగలకు హాల్‌మార్కు తప్పనిసరి చేసినప్పుడు వాచీలను దాని నుంచి మినహాయించారు. కాబట్టి పరీక్షనే ఆశ్రయించాలి. గీటురాయి, అంటే బంగారాన్ని గీసి ఆమ్లం వేసి రంగు పోల్చే నల్లరాయి, ఉపరితలాన్నే చెబుతుంది. పూతను గీస్తే పూత వన్నే పలుకుతుంది. హాల్‌మార్కింగు కేంద్రాల్లోని ఎక్స్‌రే యంత్రం కూడా లోహంలోకి కొద్ది మైక్రాన్ల లోతే చూడగలదు, కనుక 20 మైక్రాన్ల మందపు పూత దానికి ఘనమైన బంగారంలాగే కనిపించే వీలుంది. ఈ రెండింటికంటే సాదాసీదాగా ఉన్నా నీటి తూకం నమ్మదగినది. వాచీ నుంచి విడదీసిన 40 గ్రాముల చైనును దారంతో కట్టి నీటిలో వేలాడదీసి తూచినప్పుడు, 18 కారట్ల బంగారమైతే దాదాపు 2.6 గ్రాములు తగ్గుతుంది, ఇత్తడి మీద పూత అయితే దాదాపు 4.7 గ్రాములు తగ్గుతుంది. బోలు లింకుల్లో గాలి చిక్కుకున్నా, లోపల ఉక్కు స్ప్రింగులున్నా ఈ లెక్క తప్పుతుంది కాబట్టి, బుడగలన్నీ పోయేదాకా చైనును నీటిలో కదిలించి ఉంచాలి, సాగే చైన్లకు ఈ పరీక్ష వాడకూడదు.

హెచ్ఎంటీ, ఆల్విన్ వంటి దేశవాళీ వాచీల విషయంలో పైన చెప్పిన సంఖ్యల శాస్త్రం పెద్దగా పనికిరాదు. స్విస్ చైన్లకు ఉన్నంత వివరమైన సంఖ్యల పద్ధతి వాటికి లేదు. బెల్టుతో కొన్న వాచీకి తర్వాత బజారులో స్టీలు చైను వేయించుకున్నవారూ ఎందరో ఉన్నారు. కాబట్టి కంపెనీ పేరున్న లాకు లేదని ఇటువంటి చైనును తీసిపారేయడం న్యాయం కాదు. ఇక్కడ మూడవ ప్రశ్నకే విలువ ఎక్కువ, దానికి జవాబు చెప్పగలిగింది పెళ్లి ఫొటోల ఆల్బమ్. తలంబ్రాలు పోసే వరుడి చెయ్యి, స్టూడియోలో కుర్చీ చేతి మీద వాచీ కనబడేలా పెట్టించిన చెయ్యి, ఆ కాలపు నలుపు తెలుపు ఫొటోల్లో స్పష్టంగానే పడేవి. భూతద్దం పెట్టి చూస్తే చైను లింకులు మూడు వరుసలా ఐదు వరుసలా, చివరి లింకు వంపు తిరిగిందా నిటారుగా ఉందా అన్నది తెలుస్తుంది. కాగితాలు లేని ఈ ప్రాంతపు వాచీలకు ఇంతకు మించిన పత్రం లేదు.

మార్చిన చైనును ఏమనాలన్న విషయంలో సేకర్తల మధ్య భేదాభిప్రాయం ఉంది. వాచీతో పుట్టినదే అసలు, మిగిలినవన్నీ తక్కువ అన్నది ఒక పక్షం; కంపెనీ స్వయంగా సర్వీసులో మార్చినదాన్ని అసలుగానే లెక్కించాలన్నది మరొక పక్షం. రెండో పక్షంలోనే ఎక్కువ న్యాయం కనిపిస్తుంది, కాని అది ఒక షరతు మీద మాత్రమే: మార్చిన సంగతిని అమ్మేవారు ముందే చెప్పాలి. తప్పుడు వ్యాపార ముద్ర వేసిన సరుకును అమ్మడం 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం ప్రకారం ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలుశిక్ష పడదగిన నేరం. మార్పిడిని దాచడం ఆ చట్టం కిందికి రాకపోవచ్చు గాని, కొనేవారికి కలిగే నష్టం మాత్రం ఒకటే. చైనును మెరుగు పట్టించి అమ్మడాన్ని కూడా ఈ దాపరికంలోనే చేర్చాలి, ఎందుకంటే పాలిషు చక్రం కింద అచ్చు ముద్ర లోతూ, అంచుల పదునూ, అరుగుదల తీరూ మూడూ ఒక్కసారే చెరిగిపోతాయి.

పాత వాచీ ఉన్న కుటుంబాలకు ఒక విన్నపం. కొత్త వాచీ చేతికి వదులైనప్పుడు చైను పొడవు తగ్గించి, తీసిన రెండు మూడు లింకులను దుకాణదారు చిన్న కాగితంలో చుట్టి ఇచ్చేవాడు. ఆ పొట్లం ఇప్పటికీ బీరువా సొరుగులోనో, కుంకుమ భరిణె పక్కనో పడి ఉండవచ్చు. ఏ చెమటా తగలని, ఏ గీతా పడని ఆ లింకులే చైను మొదటి మందాన్నీ, రంగునూ, అంచునూ ఉన్నదున్నట్టు నిలిపి ఉంచుతాయి, వాటి పక్కన పెట్టి చూస్తే చేతి మీది చైను అదేనో కాదో వెంటనే తేలుతుంది. వాటిని పాత ఇనుముతో కలిపి పారవేయకుండా, వాచీతో పాటే భద్రపరచాలి.